కూడాలా, గుణించాలా?

"మా పాపకి లెక్కల్లో ఎప్పుడూ తొంభై దాటి వస్తాయండీ. మొన్న ఇంట్లో, నలుగురికి మూడు గ్లాసుల బియ్యం పోస్తాం కదా, ఇవాళ పదిమంది భోజనానికి ఉన్నారు, ఎన్ని గ్లాసులు పోయాలి అంటే తొమ్మిది అంది. మార్కులు వస్తున్నాయి గానీ లెక్క రావట్లేదా?"

మాటలు కాస్త అటూఇటూ మారినా, తల్లిదండ్రులు లెక్కల టీచర్లను తరచూ అడిగే ప్రశ్నే ఇది. ప్రశ్నలో న్యాయం ఉంది. అదే పాపకి నోటుపుస్తకంలో 4 : 3 = 10 : ? అని రాసిస్తే అడ్డగుణకారం చేసి ఏడున్నర అని అరనిమిషంలో తేల్చేస్తుంది. వంటింట్లో తొమ్మిది, పుస్తకంలో ఏడున్నర. లెక్క ఒక్కటే, చెప్పిన పిల్లా ఒక్కతే.

తొమ్మిది అన్న జవాబును ముందు కాస్త గౌరవంగా చూద్దాం. అది నోటికొచ్చిన అంకె కాదు. నలుగురు పదిమంది అయ్యారు, అంటే ఆరుగురు పెరిగారు, కాబట్టి బియ్యం కూడా ఆరు గ్లాసులు పెరగాలి. ఇందులో తర్కం ఉంది. కాకపోతే ఆ తర్కం ఇక్కడ చెల్లదు. పెరిగిన ఆరుగురికి ఆరు గ్లాసులంటే మనిషికి ఒక గ్లాసు. మొదటి నలుగురికి మాత్రం మనిషికి ముప్పావు గ్లాసే. వచ్చిన చుట్టాలు ఇంటివాళ్ల కంటే ఎక్కువ తింటారని పాప అనుకుందా అంటే అదీ కాదు. మనిషికి ఎంత అన్న వైపు ఆమె చూపు పోనే లేదు.

రెండు రాశులు కలిసి మారుతున్నప్పుడు వాటి మధ్య మారకుండా నిలిచేది ఒకటి ఉంటుంది. ఒక్కోచోట తేడా నిలుస్తుంది, ఒక్కోచోట రెట్టు నిలుస్తుంది. తేడాను పట్టుకుని లెక్క కట్టడాన్ని తేడా ఆలోచన అనీ, రెట్టును పట్టుకుని కట్టడాన్ని రెట్ల ఆలోచన అనీ పిలుచుకుందాం. పుస్తకాలు అనుపాతం అనేది ఈ రెండోదాన్నే. శాతాలు, వడ్డీ, వేగం, సాంద్రత, మ్యాపు స్కేలు, సరూప త్రిభుజాలు, రసాయన శాస్త్రంలో ద్రావణాల గాఢత, అన్నీ దీని మీదే నడుస్తాయి. ఆరు, ఏడు తరగతుల్లో ఇది కుదురుకోని పిల్లలకు ఆ తరువాతి ప్రతి పాఠమూ ఒక కొత్త సూత్రంలా ఎదురవుతుంది. ఒక్కొక్కటే బట్టీ పట్టడం తప్ప వాళ్లకు దారి ఉండదు. లెక్కల టీచరు చేతిలో ఉన్న పనుల్లో ఇంతకంటే పెద్దది లేదని నా నమ్మకం.

పొట్టాయన, పొడుగాయన

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, బర్కిలీలో, రాబర్ట్ కార్ప్లస్ అనే భౌతిక శాస్త్రవేత్త ఉండేవాడు. పిల్లలకు సైన్సు ఎలా చెప్పాలన్న ఆలోచనలో పడి, చివరికి ఆ పనికే అంకితమైపోయాడు. 1970 ప్రాంతంలో ఆయన, తోటి పరిశోధకులు కలిసి ఒక చిన్న పరీక్ష తయారుచేశారు. కాగితం మీద ఒక పొట్టి మనిషి బొమ్మ ఉంటుంది. పెద్ద గుండీలు ఒకదానిమీద ఒకటి పేర్చి కొలిస్తే అతని ఎత్తు 4 గుండీలు. ఇంకో పొడుగు మనిషి ఉన్నాడు, అతని ఎత్తు 6 గుండీలు అని పిల్లలకు చెబుతారు గానీ బొమ్మ చూపించరు. ఇప్పుడు పొట్టాయనను పేపర్ క్లిప్పులతో పిల్లలే కొలవాలి. 6 క్లిప్పులు వస్తాయి. మరి పొడుగాయన ఎన్ని క్లిప్పులు?

జవాబు 9. చాలామంది పిల్లలు చెప్పింది 8. గుండీల్లో రెండు ఎక్కువ ఉన్నాడు కాబట్టి క్లిప్పుల్లోనూ రెండు ఎక్కువ ఉంటాడని వాళ్ల వాదన. బియ్యం లెక్కలో పాప చేసిందీ ఇదే.

ఈ 8ని దగ్గరగా చూడండి. నాలుగు గుండీల ఎత్తుకు ఆరు క్లిప్పులు పట్టాయి, అంటే ఒక్కో గుండీ ఎత్తు ఒకటిన్నర క్లిప్పు. మొత్తం 8 క్లిప్పులే అయితే పైన పేర్చిన చివరి రెండు గుండీలకీ రెండే క్లిప్పులు మిగులుతాయి. అంటే కింది నాలుగు గుండీలూ ఒక సైజు, పై రెండూ అంతకంటే చిన్న సైజు అయిపోవాలి. ఆ వాదనను పిల్లవాడి చేతే గుండీ గుండీగా పేర్పిస్తే, అయిదో గుండీ దగ్గర చెయ్యి ఆగుతుంది. "తప్పు, మళ్లీ చెయ్యి" అన్న మాటకంటే ఆ ఆగడం విలువైనది.

రెట్ల ఆలోచన కౌమారంలో, అంటే పదకొండు పన్నెండేళ్లు దాటాక, ఊహ విస్తరించే కొద్దీ వస్తుందని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాఁ పియాజే భావించాడు. దాన్ని పట్టుకుని, వయసు వస్తే అదే వస్తుందిలే అని ఊరుకోవడానికి లేదు. కార్ప్లస్ ప్రశ్నలకు హైస్కూలు చదువుతున్న పిల్లల్లోనూ తేడా జవాబులు వచ్చాయి. ఇది మీసంలా దానంతట అది మొలిచేది కాదు, ఎవరైనా నేర్పాలి.

తేడా ఆలోచన ఎక్కడికి దారి తీస్తుందో చూపించడానికి మన దగ్గర ఒక చక్కని వస్తువుంది. జాతీయ జెండా పొడవు, ఎత్తుల నిష్పత్తి 3 : 2. జెండా నియమావళిలో తొమ్మిది కొలతలున్నాయి. అన్నిటికంటే చిన్నది 150 మిల్లీమీటర్లు పొడవు, 100 ఎత్తు. పెద్దది 6300 పొడవు, 4200 ఎత్తు. చిన్నదానిలో పొడవుకీ ఎత్తుకీ తేడా 50. ఆ తేడానే కాపాడుకుంటూ 4200 ఎత్తున్న జెండా కుట్టమంటే దాని పొడవు 4250 అవుతుంది. అది దాదాపు చదరం. దాన్ని చూసి మన జెండా అని ఎవరూ అనరు. నిజమైన పెద్ద జెండాలో తేడా 2100. తేడా మారిపోయింది, కానీ ఒకటిన్నర రెట్టు అలాగే ఉంది. కృష్ణా జిల్లాలో పుట్టిన పింగళి వెంకయ్య పేరు చెప్పుకుంటూ పంద్రాగస్టుకి పిల్లలు జెండాలు కడతారు కదా, ఆ రోజు స్కేలు పట్టుకుని నాలుగైదు జెండాలు కొలిపించండి. బజార్లో అమ్మే కాగితపు జెండాల్లో నిష్పత్తి తప్పినవి ఏవైనా దొరికితే పాఠం ఇంకా బాగా నడుస్తుంది.

సంతలో రాని తప్పు

బ్రెజిల్లో రెసీఫె అనే ఓడరేవు పట్టణం ఉంది. అక్కడ వీధుల్లో కొబ్బరికాయలు, పళ్లు అమ్ముకునే పిల్లల దగ్గరికి తెరెజిన్యా నూనెస్, డేవిడ్ కరాహెర్, అనలూసియా ష్లీమన్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు వెళ్లారు. తొమ్మిది నుంచి పదిహేనేళ్ల లోపు అయిదుగురు పిల్లలను బేరగాళ్లలాగే పలకరించి సరుకు కొన్నారు, ఎంతయిందని అడిగారు, చిల్లర తీసుకున్నారు. తరువాత ఒక రోజు అవే లెక్కలను బడి లెక్కల్లా కూర్చోబెట్టి చేయించారు. ఫలితాలు 1985లో అచ్చయ్యాయి. వీధిలో నూటికి 98 సరైన జవాబులు. అవే అంకెలు ఉత్త కూడికలు, గుణకారాలుగా ఇచ్చినప్పుడు నూటికి 37.

పన్నెండేళ్ల కుర్రాడొకడు ఒక్కో కాయ 35 క్రూజెరోలకు అమ్ముతున్నాడు. పది కాయలు ఎంత అని అడిగారు. బడిలో నేర్చినవాడైతే 35 పక్కన సున్నా పెడతాడు. ఇతను మూడు కాయలు 105 అన్నాడు, ఇంకో మూడు కలిపి 210, మళ్లీ మూడు వేసి 315, మిగిలిన ఒక్కటీ కలిపి 350. మూడేసి కాయలు అమ్మడం అతనికి అలవాటు, 105 కంఠతా వచ్చు. తెలిసిన మెట్టు మీద కాలు పెట్టి ఎక్కుతున్నాడు.

ఈ కుర్రాడి పద్ధతిని నెమ్మదైన దారి అని తీసిపారేయకూడదు. అతను ప్రతి మెట్టులోనూ రెండు రాశులనూ కలిపి కదిలించాడు. కాయలు మూడు పెరిగితే డబ్బు 105 పెరిగింది, ఎన్నడూ మూడు పెరగలేదు. బడి పిల్లవాడు చేసే తప్పు ఇతనికి రావడానికి దారే లేదు. మన తాపీ పనిలోనూ అంతే. ఒకటికి ఆరు మాలు కలపమని మేస్త్రి చెబితే, రెండో తట్ట సిమెంటు వేసినప్పుడు ఇసుక ఏడు తట్టలతో ఆపే కూలీ ఎక్కడా కనిపించడు. పన్నెండు పడతాయి.

బజారు లెక్కకూ బడి లెక్కకూ మధ్య ఈ ఎడం మన దేశంలోనూ కనిపించింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలను పరీక్షించి 2025లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. కూరగాయల బేరంలో కాగితం ముట్టకుండా లెక్క చెప్పే పిల్లలు బడి లెక్కల దగ్గర తడబడ్డారు. బజారు ముఖం చూడని బడి పిల్లలేమో కాగితం మీద లెక్కల్లో నయం, బేరం లెక్కల్లో వెనక. ఒకవైపు నేర్చుకున్నది రెండోవైపుకు దానంతట అది దాటి రాలేదు. దాటించడం టీచరు పని. ఆ వారధి కట్టడానికి బడిలో మనం కేటాయించే కాలం చాలా తక్కువ, ఇది నన్ను బాధించే విషయం.

త్రైరాశికంతో పాటు వచ్చిన హెచ్చరిక

మూడు తెలిస్తే నాలుగోది కనుక్కునే లెక్కకు మన దేశంలో చాలా పాత చరిత్ర ఉంది. ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో త్రైరాశికం చెప్పాడు. నలుగురు ప్రమాణం, మూడు గ్లాసులు ఫలం, పదిమంది ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించాలి. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో రాసిన గణితసారసంగ్రహంలోనూ ఇది ఉంది. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కరణాలూ కోమట్లూ కంసాలులూ తరతరాలుగా వాడిన లెక్క ఇది.

అయితే పాతవాళ్లు సూత్రం ఒక్కటే చెప్పి ఊరుకోలేదు. అది ఎక్కడ తిరగబడుతుందో కూడా పక్కనే చెప్పారు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు, ఇచ్ఛ పెరిగితే ఫలం తగ్గే చోట లెక్క తలకిందులవుతుందని చెప్పి, అలాంటి చోట్లు ఏవో పేరు పెట్టి చూపించాడు: జంతువుల వయసూ ధరా, బంగారం వన్నే బరువూ, ధాన్యపు రాశీ దాన్ని కొలిచే పాత్రా. ఏడు ఆఢకాలు పట్టే పాత్రతో నూరు కొలతలైన ధాన్యం, అయిదు ఆఢకాలు పట్టే పాత్రతో ఎన్ని కొలతలవుతుంది? పాత్ర చిన్నదైంది, కొలతలు పెరగాలి. జవాబు 140. ఎక్కువ రావాలా తక్కువ రావాలా అన్నది ముందు తేల్చుకుని, తరువాత అంకెలు ముట్టుకోవాలి. మన బడులు త్రైరాశికాన్ని అడ్డగుణకారంగా కుదించి తీసుకున్నాయి గానీ ఆ విచక్షణను వెంట తెచ్చుకోలేదు.

అంతా గుణించేసే చోట

తేడా ఆలోచన నుంచి బయటపడ్డ పిల్లలను ఇంకో ఆపద పట్టుకుంటుంది. ఏది ఇచ్చినా గుణించేస్తారు. పెద్దలకూ మినహాయింపు లేదు. అమెరికాలో ప్రాథమిక పాఠశాల టీచర్లు కాబోతున్న 33 మందిని క్యాథ్లీన్ క్రామర్, థామస్ పోస్ట్, సారా కరియర్ ఒక ప్రశ్న అడిగారు. స్యూ, జూలీ ఒకే వేగంతో మైదానం చుట్టూ పరుగెడుతున్నారు. స్యూ ముందు బయలుదేరింది. స్యూ 9 చుట్లు పూర్తి చేసేసరికి జూలీ 3 చుట్లు వేసింది. జూలీ 15 చుట్లు పూర్తి చేసేసరికి స్యూ ఎన్ని వేసి ఉంటుంది?

33 మందిలో 32 మంది 45 అన్నారు. ఇద్దరిదీ ఒకే వేగం కాబట్టి వాళ్ల మధ్య ఆరు చుట్ల తేడా ఎప్పటికీ మారదు, జవాబు 21. 1993లో అచ్చయిన ఈ సంగతిని టీచర్లను ఎత్తిపొడవడానికి వాడుకోవడం అన్యాయం. మూడు అంకెలు ఇచ్చి నాలుగోది అడిగే రూపం కనబడగానే అడ్డగుణకారం చెయ్యమని వాళ్లకు ఏళ్ల తరబడి అలవాటు చేసింది బడే.

బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు ఇంకో మలుపు చూపించారు. 200 మీటర్ల భుజం ఉన్న చదరపు పొలానికి ఎరువు చల్లడానికి రైతుకు 8 గంటలు పడుతుంది. 600 మీటర్ల భుజం ఉన్న చదరపు పొలానికి? పన్నెండు పదమూడేళ్ల పిల్లల్లో అతి కొద్దిమంది తప్ప అందరూ 24 అన్నారు. భుజం మూడు రెట్లయితే కాలమూ మూడు రెట్లేనని. కాగితం మీద పెద్ద పొలం గీసి అందులో చిన్న పొలాలు ఎన్ని పడతాయో గీయమనండి. అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది. కాలం 72 గంటలు. జెండాల దగ్గరికి వస్తే, పెద్ద జెండా చిన్నదానికంటే 42 రెట్లు పొడవు, 42 రెట్లు ఎత్తు. దానికి పట్టే బట్ట మాత్రం 1764 రెట్లు. ఈ అంకె విన్నప్పుడు పిల్లలు నమ్మరు. నమ్మకపోవడమే మంచిది. గళ్ల కాగితం ఇచ్చి చిన్న సంఖ్యలతో తేల్చుకోమనాలి.

తరగతి గదిలో

కాబట్టి నేను టీచర్లను కోరేది ఒక్కటే: అడ్డగుణకారాన్ని వెనక్కి జరపండి. దాన్ని పూర్తిగా వదిలేయమని కాదు. 4 : 3 = 10 : ? లో 10ని 3తో గుణిస్తే 30 వస్తుంది. ఆ ముప్పై ఏమిటి? మనుషులా, గ్లాసులా? పిల్లవాడు చెప్పలేడు. అర్థం లేని మెట్టు మీదుగా అర్థమున్న జవాబుకు చేరే దారి అది. అర్థమున్న మెట్లు ముందు ఎక్కాలి.

నల్లబల్ల మీద రెండు వరుసల పట్టిక గీయండి. పై వరుసలో మనుషులు, కింది వరుసలో గ్లాసులు. 4 కింద 3. పది కింద ఎంతో ఎలాగైనా కనుక్కోమని వదిలేయండి. ఒక పిల్ల 8 కింద 6 రాస్తుంది, 2 కింద ఒకటిన్నర రాస్తుంది, రెండూ కలిపి 10 కింద ఏడున్నర. ఇది కొబ్బరికాయల కుర్రాడి దారి. ఇంకొకరు ఒక్క మనిషికి ముప్పావు అని ముందు తేల్చి పదితో గుణిస్తారు. వెనక బెంచీలో ఎవరో, పది అంటే నాలుగుకు రెండున్నర రెట్లు, కాబట్టి మూడుకు రెండున్నర రెట్లు అంటారు. మూడూ బల్ల మీద పక్కపక్కన ఉంచి, ఈ ముప్పావు మొదటి పద్ధతిలో ఎక్కడ దాగి ఉంది అని అడగండి. ఆ వెతుకులాటకు పీరియడంతా పట్టినా నష్టం లేదు.

అంకెలను ఎంచుకోవడంలో టీచరు నేర్పు ఉంటుంది. 4కు 3 అయితే 8కి ఎంత అంటే దాదాపు అందరూ 6 అంటారు. రెట్టు పూర్ణసంఖ్య కాకపోగానే, అంతకు ముందు సరిగ్గా చేసిన పిల్లలు కూడా మళ్లీ తేడాలోకి జారిపోతారు. కార్ప్లస్ తరువాత ఎంతోమంది పరిశోధకులు గమనించిన సంగతి ఇది. 8 దగ్గర ఆగి పాఠం వచ్చేసిందనుకుంటే మోసపోతాం. 10 ఇవ్వాలి, 6 ఇవ్వాలి, 7 ఇవ్వాలి.

పోల్చే ప్రశ్నలు తప్పక ఉండాలి. ఒక జగ్గులో రెండు గ్లాసుల సుగంధి పాకానికి మూడు గ్లాసుల నీళ్లు. ఇంకో జగ్గులో మూడు గ్లాసుల పాకానికి నాలుగు గ్లాసుల నీళ్లు. ఏది చిక్కగా ఉంటుంది? రెండిట్లోనూ నీళ్లు ఒక గ్లాసు ఎక్కువ, కాబట్టి రెండూ సమానం అనే గొంతులు లేస్తాయి. పాకాన్ని సమానం చేసి చూడమనండి. మొదటి జగ్గు మూడింతలు కలిపితే 6కి 9, రెండోది రెండింతలు కలిపితే 6కి 8. రెండోదే చిక్కన. ఎండాకాలం నిజంగా కలిపి తాగించగలిగితే మరీ మంచిది.

ఆ తరువాతిది విడదీయడం. మన పాఠ్యపుస్తకాల్లో పెద్ద చిక్కేమిటంటే, నిష్పత్తి అధ్యాయంలో దాదాపు ప్రతి లెక్కా నిష్పత్తిదే. ఏం చేయాలో అధ్యాయం పేరే చెప్పేస్తుంది, పిల్లలకు నిర్ణయించే పని మిగలదు. ఎన్‌సీఈఆర్‌టీ 2025లో తెచ్చిన 8వ తరగతి గణిత ప్రకాశ్‌లో అనుపాత ఆలోచనకే విడిగా అధ్యాయం పెట్టడం సంతోషించదగ్గ విషయం. అయినా కలగలిపి ఇచ్చే పని టీచరుదే. చీటీల మీద ఇలాంటివి రాసి పిల్లలకు పంచండి. లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్ల మందు, పదహారు లీటర్ల స్ప్రేయరుకు ఎంత? ఒక చొక్కా ఎండలో ఆరడానికి రెండు గంటలు, అయిదు చొక్కాలకు? తమ్ముడికి 8, అన్నకి 12, తమ్ముడికి 16 వచ్చేనాటికి అన్నకెంత? ఆరుగురు నాలుగు రోజుల్లో వేసే నాట్లు పన్నెండుమంది ఎన్ని రోజుల్లో వేస్తారు? జవాబులు కట్టవద్దు, కుప్పలుగా విడదీయండి, ఏ చీటీ ఏ కుప్పలో ఎందుకు వేశారో చెప్పండి అనాలి. చొక్కాల చీటీ దగ్గర వాదన పెరుగుతుంది. తీగ మీద చోటు లేకపోతే అని ఎవరో అడుగుతారు. అడగనివ్వండి.

అడ్డగుణకారం ఎప్పుడు చెప్పాలి? మెట్లు ఎక్కడం పిల్లలకే విసుగు పుట్టించే అంకెలు వచ్చినప్పుడు. 17 మీటర్ల తీగ బరువు 4 కిలోలు, 43 మీటర్ల తీగ బరువెంత అని ఇవ్వండి. ముందు అంచనా కట్టమనండి. 34 మీటర్లకు 8 కిలోలు, 51 మీటర్లకు 12. మధ్యలో ఎక్కడో, పది దగ్గర. ఒక్క మీటరుకు 4ను 17తో భాగించాలి, దాన్ని 43తో గుణించాలి అని వాళ్లే అంటారు. ముందు గుణించి తరువాత భాగిస్తే పని తేలిక అని అప్పుడు చూపించండి. 43ను 4తో గుణించి 17తో భాగిస్తే 10.1 కిలోలు. ఎవరో ఒకరు తిరగేసి 17ను 4తో గుణించి 43తో భాగిస్తారు, ఒకటిన్నర కిలో వస్తుంది. ఆ జవాబును టీచరు దిద్దనక్కర్లేదు. ఎనిమిదీ పన్నెండూ పక్కనే రాసి ఉన్నాయి, పిల్లలే లేచి చెబుతారు.